డెలాక్రువా గీసిన టాంజియర్ యూదు స్త్రీ: నీటిరంగుల్లో కాపీ చేయడం ఎలా

పాత చిత్రకారుల బొమ్మ కాపీ చేయడానికి కూర్చున్న ప్రతివాళ్లూ ముఖంతో మొదలుపెడతారు. నేనూ అంతే. ముఖం గంటలో వచ్చేసింది. ఆ తర్వాత భుజం దగ్గర గుడ్డ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో అర్థంకాక మూడు షీట్లు పాడుచేశాను.

పట్టుచీర కట్టుకున్నామెను గీయమంటే మనకు ఈ తిప్పలు ఉండవు. కుచ్చిళ్లు ఎక్కడ దోపుతారో, చెంగు ఏ భుజం మీంచి వస్తుందో చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. సగం గీత కనిపించకపోయినా చెయ్యి దానంతటదే పూర్తిచేస్తుంది. మొరాకో యూదు స్త్రీ బట్టల విషయంలో ఆ అలవాటు మనకు లేదు. అందుకే ఈ మార్గదర్శిలో ముందు బట్ట, తర్వాత రంగు, చివర్లో ముఖం.

ఏ బొమ్మ?

రొమాంటిక్ అనే కళా ధోరణికి (భావావేశానికి పెద్దపీట వేసేది) చెందిన ఫ్రెంచ్ చిత్రకారుడు యూజీన్ డెలాక్రువా 1832లో వేసిన చిన్న నీటిరంగు చిత్రం ఇది. పేరు "అబ్రహాం బెన్‌షిమోల్ భార్య సాదా, వాళ్ల కూతుళ్లలో ఒకరైన ప్రెసియాదా". ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. సైజు సుమారు 22 × 16 సెంటీమీటర్లు, అంటే ఏ5 కాగితం కన్నా కాస్త పెద్దది. కాపీ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సైజు ఉండదు, ఎందుకంటే అసలు ఎంత ఉందో అంతే గీయొచ్చు. కాపీహక్కుల గడువు ముగిసిన తన బొమ్మలను ఆ మ్యూజియం 2017 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని వెబ్‌సైట్‌లో పెట్టింది. చిత్రకారుడి పేరూ సాదా పేరూ కలిపి వెతికితే పెద్ద ఫైల్ దొరుకుతుంది. దాన్నే డౌన్‌లోడ్ చేసుకోండి. సోషల్ మీడియాలో తిరిగే కాపీల్లో రంగులు మరీ ముదిరిపోయి ఉంటాయి.

సాదా అంటే మనకు మామూలు, ఆర్భాటం లేనిది అని అర్థం కదా. ఈమె పేరు మాత్రం అరబ్బీలోంచి వచ్చింది, అక్కడ ఆ మాటకు ఆనందం, అదృష్టం అని అర్థం.

కాస్త నేపథ్యం తెలియాలి. 1830లో ఫ్రాన్స్ అల్జీర్స్‌ను ఆక్రమించుకుంది. దాంతో పక్కనున్న మొరాకో సుల్తానుతో వ్యవహారం చక్కబెట్టుకోవడానికి కౌంట్ ద మోర్నే అనే దౌత్యవేత్తను పంపింది. ఆయన వెంట వెళ్లిన చిత్రకారుడు 33 ఏళ్ల డెలాక్రువా. 1832 జనవరి చివర్లో మొరాకోలోని టాంజియర్ రేవులో దిగారు. దిగీ దిగగానే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఇక్కడి యూదు స్త్రీలు ఈడెన్ ముత్యాలని మురిసిపోయాడు. కొత్త ఊళ్లో దిగిన పరాయి మగవాడి మాట అది. దాన్ని అలాగే తీసుకోవాలి.

ముస్లిం ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లను గీసే వీలు అతనికి లేదు. యూదుల ఇళ్లలో అంత కట్టడి ఉండేది కాదు. పైగా ఫ్రెంచ్ కాన్సులేట్‌లో దుబాసీగా పనిచేసే అబ్రహాం బెన్‌షిమోల్ తన ఇంటి తలుపులు తెరిచాడు. మనం గీయబోయేది ఆ ఇంటి ఇల్లాలిని, ఆమె కూతురిని. తర్వాత డెలాక్రువా 18 నీటిరంగు చిత్రాలు ఒక ఆల్బమ్‌గా కూర్చి మోర్నేకి ఇచ్చాడు. ఈ బొమ్మ అందులోదే.

సామాన్లు

కాగితం మీద పొదుపు చేయకండి. 300 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే లెక్క) కాటన్ కాగితం ఒక్క షీట్ కొని నాలుగు ముక్కలు చేసుకున్నా చాలు. రంగులు మామూలు విద్యార్థుల పెట్టెలోవే సరిపోతాయి. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, క్రిమ్సన్, వెర్మిలియన్, అల్ట్రామెరిన్, ప్రష్యన్ బ్లూ, ఒక ఆకుపచ్చ ఉంటే చాలు. నలుపు పెట్టెలోంచి తీసి పక్కన పెట్టేయండి, ఎందుకో తర్వాత చెప్తాను. గుండ్రటి కుంచెలు మూడు కావాలి: 8, 4, 1 నంబర్లు. హెచ్‌బీ పెన్సిల్, మెత్తటి రబ్బరు, పాత కాటన్ గుడ్డ, రెండు గ్లాసుల నీళ్లు.

ఒక మాట. మే నెలలో కరీంనగర్‌లో కూర్చుంటే వాష్ (నీళ్లలో పల్చగా కలిపిన రంగు పూత) కుంచె మీదే ఆరిపోతుంది, వానాకాలం మచిలీపట్నంలో అరగంటైనా ఆరదు. కింద ఎక్కడ "ఆరాక" అని రాసినా గడియారం చూడకండి. చేతి వెనకభాగం కాగితానికి ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

1. పెన్సిల్ ముట్టుకోకుండా చూడండి, చూసింది రాయండి

ఇరవై నిమిషాలు చూడండి. చూస్తూ విడి కాగితం మీద మాటల్లో రాసుకోండి. ఎవరు కూర్చున్నారు, వెలుగు ఎటునుంచి వస్తోంది, అన్నిటికన్నా తెల్లటి చోటు ఏది, అన్నిటికన్నా ముదురు ఏది, పెన్సిల్ గీత రంగు కిందనుంచి ఎక్కడ కనిపిస్తోంది.

ఇది డెలాక్రువా సొంత పద్ధతే. 1832 ఫిబ్రవరి 21న టాంజియర్‌లో ఒక యూదుల పెళ్లికి వెళ్లాడు. ఆరోజు నోట్‌బుక్‌లో రాసుకున్నది చదివితే పెళ్లి వర్ణనలా ఉండదు. వయొలిన్ వాయించేవాడి బొటనవేలు పైకి లేచి ఉంది, చేతి అడుగుభాగం బాగా నీడలో ఉంది, వెలుగు వెనకనుంచి వస్తోంది, తలమీది గుడ్డ అక్కడక్కడా పారదర్శకంగా ఉంది, బట్ట చేతులు తెలుపు. ఇలా పొడి పొడి ముక్కలు. ఆ ముక్కలు, స్కెచ్‌లు ముందు పెట్టుకుని ఏళ్ల తర్వాత పెద్ద తైలవర్ణ చిత్రం వేశాడు. "మొరాకోలో యూదుల పెళ్లి" అనే ఆ చిత్రాన్ని 1841లో సలోన్ అనే పారిస్ చిత్రకళా ప్రదర్శనలో పెట్టారు, ఇప్పుడు అక్కడి లూవ్ర్ మ్యూజియంలో ఉంది. తమాషా ఏమిటంటే అందులో పెళ్లికూతురు కనిపించదు. ఆవరణలో పాటగాళ్లు, నాట్యం చేసే ఆమె, చుట్టూ జనం. పెళ్లికూతురు లోపలి గదిలో ఉంటుంది.

మీ కాగితం మీద కనీసం పదిహేను ముక్కలు రావాలి. "బాగుంది" అని ఒక్కచోట రాసినా కొట్టేయండి.

2. బట్టలో ఏ ముక్క ఏదో తెలుసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

మొరాకో యూదు స్త్రీల పండుగ దుస్తులను అరబ్బీలో కెస్వా ఎల్ క్బీరా అంటారు, అంటే పెద్ద దుస్తులు. ఉత్తర మొరాకో యూదులు, వాళ్ల స్పానిష్ మాండలికం హకేతియా మాట్లాడేవాళ్లు, బెర్బెరిస్కా అనేవారు. 1492లో స్పెయిన్‌నుంచి యూదులను వెళ్లగొట్టినప్పుడు చాలామంది మొరాకో చేరారు. ఈ దుస్తుల కోతలో, కొన్ని ముక్కల పేర్లలో ఆ పాత స్పెయిన్ ఇంకా కనిపిస్తుంది. తండ్రి కూతురికి పెళ్లికి పెట్టే బట్టలివి. పెళ్లికి ముందు గోరింటాకు వేడుక రోజున మొదటిసారి వేసుకునేది, ఆ తర్వాత పండుగలకీ శుభకార్యాలకీ తీసేది.

ముక్కలు విడివిడిగా ఉంటాయి. ఈ సంగతి తెలియకే నా మూడు షీట్లు పోయాయి. మన లంగా, రవిక, ఓణీ ఎలా వేర్వేరో అలాగే:

క్తెఫ్: ఛాతీ మీద అడ్డంగా ఉండే గట్టి ముక్క. దీని మీద బంగారు పని ఎక్కువ.

గొంబాజ్: దాని మీద వేసుకునే మఖమల్ పొట్టి జాకెట్టు. ముందు తెరుచుకుని ఉంటుంది కాబట్టి క్తెఫ్ కనబడుతుంది.

క్మామ్: విడిగా తొడిగే బట్ట చేతులు. పల్చటి గుడ్డతో బాగా వెడల్పుగా ఉంటాయి. జాకెట్టు చేయి ఎక్కడ ఆగింది, ఇది ఎక్కడ మొదలైంది అనే చోటే గీత తడబడుతుంది.

జెల్తిత: చుట్టుకునే మఖమల్ లంగా. ఉత్తరాదిలో గిరాల్దెతా అంటారు. కుట్టేసిన గొట్టం కాదు, ఒక అంచు ఇంకో అంచు మీదకు వస్తుంది. బంగారు పట్టీలు వరసలుగా కుట్టి ఉంటాయి. అవి 22 అనీ, హీబ్రూ అక్షరాలు కూడా 22 కాబట్టి అలా పెట్టారనీ చెప్పుకుంటారు.

హ్జామ్: నడుముకి చుట్టే వెడల్పాటి పట్టు. లంగా మడతలన్నీ దీని కింద నుంచే బయలుదేరతాయి.

తలమీద ముత్యాలు కుట్టిన పట్టీ, దాని మీంచి ఫెష్తూల్ అనే పట్టు గుడ్డ. పెళ్లయిన యూదు స్త్రీ జుట్టు కప్పుకోవడం మత ఆచారం. కాబట్టి నుదుటి పక్కన జుట్టులా కనిపించేది చాలాసార్లు అసలు జుట్టు అయ్యుండదు, పట్టుదారాలో సవరమో అవుతుంది. దాన్ని జుట్టులా ఒక్కో వెంట్రుకా గీయకండి.

ఇప్పుడు మన బొమ్మ తెరిచి వీటిలో ఏవి కనిపిస్తున్నాయో, ఏవి కనిపించడం లేదో టిక్ పెట్టుకోండి. అన్నీ ఉండాలని లేదు. మొరాకోలోనే ఫెస్ ఊళ్లో ఒక రంగు, తెతువాన్ ఊళ్లో ఇంకో రంగు, ఇంట్లో ఒకలా, పెళ్లిలో ఇంకోలా ఉండేవి. డెలాక్రువా కూడా నీటిరంగులో చాలా వదిలేస్తాడు. అసలు దుస్తులు ఎలా ఉంటాయో చూడాలంటే జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియం ఫొటోలు చూడండి. కాసాబ్లాంకాలో యూదు మ్యూజియం కూడా ఉంది.

3. పెన్సిల్

22 × 16 దీర్ఘచతురస్రం గీసి, రెండు సెంటీమీటర్ల గళ్లు వేస్తే నిలువున 11, అడ్డంగా 8 వస్తాయి. ఫైల్ మీద కూడా అవే గళ్లు. గళ్లు చాలా పల్చగా వేయండి, నీటిరంగు కింద పెన్సిల్ దాగదు.

ముందు ఇద్దరినీ కలిపి ఒకే ఆకారంగా, బయటి గీత మాత్రమే గీయండి. తర్వాత నడుం పట్టు. ఆ తర్వాత భుజాలు, మోకాళ్లు. మడతలు అన్నిటికన్నా చివర. ప్రతి మడతకీ ఒక మొదలు ఉండాలి: నడుం దగ్గరో, మోచేతి దగ్గరో, మోకాలి మీదో. మొదలు లేని మడత దొరికితే చెరిపేయండి. కుచ్చిళ్లు దోపని చోట కుచ్చిళ్లు వేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

డెలాక్రువా పెన్సిల్ గీతలు రంగు మధ్యలోంచి కనిపిస్తూనే ఉంటాయి. మీవి కూడా ఉండనివ్వండి.

4. మొదటి వాష్

తెల్లగా ఉండాల్సిన చోట్లు వదిలేసి మిగతా అంతా పల్చటి ఓకర్, కొంచెం సియెన్నా కలిపి 8వ నంబరు కుంచెతో ఒక్క ఊపులో వేసేయండి. మజ్జిగ తేటంత పల్చగా ఉండాలి. దీంట్లో కష్టం ఏమీ లేదు. ఆరాక పెద్ద పెద్ద రంగులు ఒక్కో పొర వేయండి, వివరాల జోలికి వెళ్లొద్దు.

5. నీడలకు నలుపు వద్దు

ఇక్కడే డెలాక్రువా దగ్గర నేర్చుకోవాల్సిన అసలు పాఠం ఉంది. ఫ్రాన్స్‌లోని షాంతియీలో ఉన్న అతని ఉత్తరాఫ్రికా నోట్‌బుక్‌లో ఒక రంగుల త్రికోణం ఉంది. మూడు మూలల్లో ఎరుపు, పసుపు, నీలం, వాటి మధ్య కలిసి పుట్టే రంగులు. దానికి తోడు రాసుకున్న మాటల సారాంశం ఇది: నలుపు కలిపితే నీడ రాదు, రంగు మురికవుతుంది. ఏ రంగుకైనా నీడ దాని ఎదురు రంగులోనే (త్రికోణంలో దానికి ఎదుటి వైపున్న రంగు) ఉంటుంది. ఇద్దరు పల్లెటూరి పిల్లల ముఖాలు చూసి, పసుపు ఛాయవాడి నీడలు ఊదాగా, బాగా ఎర్రగా ఉన్నవాడి నీడలు ఆకుపచ్చగా ఉన్నాయని గుర్తుపెట్టుకున్నాడు.

నమ్మకం కుదరకపోతే చిన్న ముక్క మీద చేసి చూడండి. రెండు చోట్ల క్రిమ్సన్ వేయండి. ఆరాక ఒకదాని సగం మీద పల్చటి నలుపు, రెండోదాని సగం మీద పల్చటి ఆకుపచ్చ వేయండి. మొదటిది మసిగుడ్డ తగిలినట్టు ఉంటుంది. రెండోది మఖమల్ మడతలా లోపలికి పోతుంది.

అలా ఎర్ర గుడ్డకు ఆకుపచ్చ నీడ, నీలం గుడ్డకు సియెన్నా, పసుప్పచ్చకు ఊదా. తెల్ల గుడ్డకు మాత్రం అల్ట్రామెరిన్, సియెన్నా కలిపిన బూడిద రంగు వాడండి, రెండూ పూర్తిగా కలవకుండా. అప్పుడు ఒకచోట చల్లగా, ఒకచోట వెచ్చగా ఉంటుంది. తెల్లటి బట్ట చేయి ఎర్ర గుడ్డ పక్కన ఉంటే ఆ అంచులో ఎరుపు కొంచెం ప్రతిఫలిస్తుంది, దాన్ని వదిలిపెట్టకండి.

గుడ్డ ఏదో కూడా చూడాలి. పట్టుకు వెలుగు మడత ఎత్తు మీద పడుతుంది. మఖమల్ దానికి తిరకాసు: ఎదురుగా చూస్తే ముదురుగా ఉంటుంది, పక్కకు తిరిగే అంచు దగ్గర వెలుగుతుంది. చాలామంది మఖమల్‌కి కూడా మధ్యలో మెరుపు పెట్టి దాన్ని రెగ్జిన్‌లా చేసేస్తారు.

6. బంగారు పని

నేను మొదటిసారి గోల్డ్ కలర్ సీసా కొనుక్కొచ్చి వేశాను. పెళ్లిపత్రికలా తయారైంది. బొమ్మలో మిగతా రంగులన్నీ చచ్చిపోయాయి.

ఇంట్లో పాత గద్వాల చీరో ధర్మవరం చీరో ఉంటే ఒకటి తీయండి. జరీ అంచు వెడల్పుగా ఉన్నది. పగటిపూట కిటికీ పక్కన కుర్చీ మీద వేలాడదీసి, నాలుగడుగుల దూరంలో కూర్చుని, కళ్లు సగం మూసి చూడండి. బంగారం ఎక్కడుంది? అంచులో ఎక్కువ భాగం గోధుమ రంగు. కిందకు తిరిగిన చోట దాదాపు కాఫీ రంగు. చీర ఆకుపచ్చదైతే జరీలో కూడా ఆకుపచ్చ ఛాయ. కిటికీకి సూటిగా ఉన్న నాలుగైదు చోట్ల మాత్రం తళుక్కున తెలుపు. తల కొంచెం పక్కకు జరిపితే ఆ తెల్ల చుక్కలు కూడా జరుగుతాయి. మనకు బంగారంలా అనిపించేది ముదురు గోధుమ పక్కన ఉన్న ఆ కాసిని చుక్కల వల్లే.

దాన్నే కాగితం మీద చేయాలి. పట్టీ ఉండే చోట అంతా పల్చటి ఓకర్. పూర్తిగా ఆరాక, 4వ నంబరు కుంచెలో దాదాపు తడి లేకుండా సియెన్నా తీసుకుని పట్టీ పోయే దారి వెంట తెగిపోయిన గీతలుగా లాగండి. కుంచె జారి అక్కడక్కడా ఓకర్ మిగిలిపోతే మంచిదే. నీడవైపు అంబర్‌లో కొంచెం నీలం కలిపి వేయండి. మెరుపులకు రంగు పూయొద్దు, మొదట్లోనే ఆ చుక్కలంత కాగితం వదిలేయాలి. మర్చిపోతే తడి కుంచెతో రుద్ది గుడ్డతో అద్దండి, అంత తెల్లగా రాకపోయినా పని జరుగుతుంది.

పట్టీలు సరళరేఖలు కావు. అవి తొడ చుట్టూ, మోకాలి మీంచి వంగుతాయి. వరసలన్నీ గీస్తే నిచ్చెనలా ఉంటుంది. వెలుగువైపు మూడు నాలుగు వరసలు స్పష్టంగా పెట్టి, మిగతావి నీడలోకి పోనివ్వండి.

7. ముఖాలు, చేతులు

ఇప్పటికి బట్ట రంగులన్నీ స్థిరపడ్డాయి కాబట్టి చర్మం ఎంత ముదురు ఉండాలో కాగితమే చెప్తుంది. ముందే ముఖం పూర్తిచేస్తే ఆ తర్వాత పక్కన మఖమల్ వేయగానే పాలిపోయినట్టు అయిపోతుంది.

ఓకర్‌లో చిటికెడు వెర్మిలియన్, నీళ్లు ఎక్కువ. చెంపల దగ్గర తడి ఉండగానే ఇంకొంచెం వెర్మిలియన్. దవడ కింద, కనురెప్పల కింద పల్చటి ఆకుపచ్చ బూడిద. కళ్లను నల్లగా గీయొద్దు, అంబర్‌లో నీలం కలిపితే చాలు. ఈ సైజులో ముఖం బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దది, అందులో వెంట్రుకలంత గీతలకు చోటు లేదు.

ఒక ప్రలోభం ఉంటుంది: అరబ్బీ రాత్రుల రాజకుమారిలా పెదవులు ఎర్రగా, కళ్లు పెద్దవిగా చేయాలని. డెలాక్రువా తరం చిత్రకారులు చాలామంది అదే చేశారు, ఆ కోవలో అతనూ మినహాయింపు కాడు. ఈ బొమ్మ మీద మాత్రం అది వేయకండి. ఈమె ఒక దుబాసీ భార్య, పక్కన కూతురు ఉంది, భర్తకు పనిలో తెలిసిన పరదేశి ఎవరో వచ్చి గీస్తున్నాడు. అలాంటప్పుడు మన ఇంట్లో అమ్మ ఎలా కూర్చుంటుందో అది గుర్తుంచుకుంటే సరిపోతుంది.

చేతులు కష్టం. నాకు ఇప్పటికీ సరిగ్గా రావు. వేళ్లు విడివిడిగా కాకుండా మొత్తం చేయి ఒకే వాష్‌గా వేసి, ఆరాక వేళ్ల మధ్య రెండు మూడు గీతలు పెట్టి వదిలేయండి.

8. ఆపడం, వెనక రాయడం

గోడ, నేల ఖాళీగా అనిపించి నింపాలనిపిస్తుంది. అసలు బొమ్మను పక్కన పెట్టుకుని చూడండి, అతను వదిలేసిన చోట మీరూ వదిలేయండి. రెండు రోజులు కనబడకుండా పెట్టి మళ్లీ చూస్తే ఒకటో రెండో చోట్ల నీడ పెంచాలనిపిస్తుంది. అంతకుమించి ముట్టుకోకండి.

పూర్తిగా ఆరాక కాగితం వెనక పెన్సిల్‌తో "డెలాక్రువా చిత్రానికి కాపీ" అని, తేదీ, మీ పేరు రాయండి. ముందువైపు అతని సంతకం వేయొద్దు. ఇంకో లైను కూడా రాయండి. ఆ కాలపు చిత్రాల్లో ఇలాంటి స్త్రీల కింద చాలాసార్లు "టాంజియర్ యూదు స్త్రీ", "అల్జీర్స్ యూదు స్త్రీ" అని మాత్రమే ఉంటుంది. ఈ ఇద్దరి పేర్లు మనదాకా వచ్చాయి: సాదా, ప్రెసియాదా.